పొగతీపి అత్తరు

అనగనగా ఒక రాజు. రాజున్నాడంటే రాణి కూడా ఉంటుంది కదా, కానీ కథలు చెప్పేవాళ్లకు ఆ సంగతి నాలుగో వాక్యానికి గానీ గుర్తుకు రాదు. మనం ఇద్దరినీ ఒకేసారి పిలుద్దాం.

అనగనగా ధూపగిరి రాజ్యంలో ఒక రాజూ ఒక రాణీ. రాజు పేరు ఖడ్గసింహుడు. పేరులో కత్తి ఉంది గానీ మనిషి వెన్న. అడవి అంచున ఉన్న కోటలో పెరిగాడు గనక ఆయన దగ్గర ఎప్పుడూ ఎండుకట్టెల పొగ వాసన ఉండేది. రాణి పేరు ఇక్షుమతి. చెరకు తోటల దేశం నుంచి వచ్చింది. ఆమె పక్కన నిలబడితే బెల్లం పాకం పొంగే గానుగ దగ్గర నిలబడ్డట్టే ఉండేది.

వాళ్లకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ధీరసింహుడు. రెండోవాడు వీరసింహుడు. మూడోవాడికి శూరసింహుడని పేరు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నారు. పుట్టింది ఆడపిల్ల. సింహాన్ని పక్కన పెట్టి దవనిక అని పిలిచారు. దవనం ఎండినకొద్దీ వాసన పెరుగుతుంది. పేరు పెట్టినవాళ్లు అంత దూరం ఆలోచించలేదు.

సాయంత్రం కాగానే రాజూ రాణీ ఉయ్యాల బల్ల మీద కూర్చునేవారు. మధ్యలో దూరి దవనిక కూర్చునేది. ఒకవైపు నుంచి పొగ, ఒకవైపు నుంచి తీపి. రెండూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టేది. దానికి పేరు లేదు. ఆ వాసన తగిలిందంటే దవనిక రెండో ఊపుకే నిద్రపోయేది.

ఇలా ఉండగా, ఒకరోజు ఏడు సముద్రాల అవతలి నుంచి కరాళగంధుడనే మాంత్రికుడు ఓడలో వచ్చాడు. పట్టు శాలువా, పొడుగాటి వేళ్లు, తేనె పూసిన మాట. రాజుగారి కొలువులో రెండు సీసాలు బయటికి తీశాడు.

"మహారాజా, ఇది రాజగంధం. ఉత్త పొగ. వీరుల వాసన. మీ దగ్గర ఏదో బెల్లం వాసన తగులుతోందే, శత్రువులకు తెలిస్తే నవ్వరూ?" అన్నాడు.

రాజు తన భుజం తానే వాసన చూసుకున్నాడు.

మాంత్రికుడు రాణివాసానికి వెళ్లాడు. "తల్లీ, ఇది రాణిగంధం. ఉత్త తీపి. సుకుమారుల వాసన. మీ జడలో పొగ వాసన వస్తోందే, చూసినవాళ్లు వంటమనిషి అనుకోరూ?" అన్నాడు.

రాణి జడ ముందుకు లాక్కుని వాసన చూసుకుంది.

చూశారా పిల్లలూ, వాడు అమ్మింది అత్తరు కాదు, సిగ్గు. సిగ్గు ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ కొంటారు. పైగా ఒక వాసనను రెండు ముక్కలు చేస్తే ఇంటికి రెండు సీసాలు పోతాయి. ఈ తెలివి కోసం మంత్రాలు నేర్చుకోనక్కర్లేదు, కానీ వాడు మంత్రం కూడా వేశాడు. ఆ గంధం కట్టుబట్టకు అంటినంతసేపు రాజుకు తీపి గిట్టదు, రాణికి పొగ గిట్టదు. పోతూ పోతూ ఒక నియమం కూడా పెట్టిపోయాడు. "గొప్పవాళ్లు అత్తరు ఒంటికి పూసుకోరు. బట్టకు అద్దించుకోవాలి. లేదా దూదికి అద్ది చెవిలో పెట్టించుకోవాలి. అదీ పనివాళ్ల చేత."

మర్నాటి నుంచి రాణి దగ్గరికొస్తే రాజుకు తుమ్ములు. రాజు దగ్గరికొస్తే రాణికి దగ్గు. మొదట ఉయ్యాల మీద ఎడం జరిగారు. తర్వాత గదులు వేరు. తర్వాత వంటలు వేరు. కొన్నేళ్లకు అంతఃపురం నడిమధ్య గోడ లేచింది. ఉయ్యాల బల్ల గోడకు అడ్డమని విప్పి అటక మీద పడేశారు. రాజును చూసి ఊళ్లో మగవాళ్లందరూ రాజగంధమే అద్దించుకున్నారు. రాణిని చూసి ఆడవాళ్లందరూ రాణిగంధమే. వీధిలో మొగుడూ పెళ్లాలు ఎదురుపడితే ఒకరు తుమ్మేవారు, ఒకరు దగ్గేవారు. అదే పలకరింపు.

ధూపగిరిలో పాత కట్టుబాటు ఒకటుంది. రాజుకు అరవై నిండిన రోజున రాజూ రాణీ మళ్లీ పెళ్లిపీటల మీద కూర్చోవాలి. కూర్చోకపోతే రాజ్యం రెండు చీలికలు. ఏటికి ఈవలి ఒడ్డు రాజుకు, ఆవలి ఒడ్డు రాణికి. పిల్లలు ఏదో ఒక ఒడ్డు కోరుకోవాలి. కోరుకున్నాక మళ్లీ ఏరు దాటకూడదు.

ఆ రోజు రాబోయే మాఘమాసంలోనే.

ధీరసింహుడు ఈవలి ఒడ్డు అన్నాడు, అటే గుర్రపుశాలలున్నాయి. వీరసింహుడు ఆవలి ఒడ్డు అన్నాడు, అటే మామిడితోటలున్నాయి. "మరి నువ్వు, చెల్లీ?" అని అడిగారు.

దవనిక ఏటి వైపు చూసింది. అమ్మ అటు, నాన్న ఇటు. "నేను నీళ్లలో ఉంటాను," అంది.

అన్నలకు జాలేసింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు, తొందరపాటు మనుషులు. ముందు పెద్దవాడు రంగంలోకి దిగాడు. "ఇందులో ఏముంది, రెండు సీసాలూ ఒకదాంట్లో పోస్తే సరి," అని పోసి బాగా కుదిపి పట్టుకెళ్లాడు. వాళ్ల ముందు పెట్టేసరికి నూనె మీద నూనె తేలి, పాము మీద పాము పడుకున్నట్టు వేరువేరుగానే ఉంది. మూత తీయగానే రాజు తుమ్మాడు, రాణి దగ్గింది.

తర్వాత రెండోవాడు. అతను అమ్మ దగ్గరికెళ్లి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, నువ్వే కాస్త సర్దుకోరాదూ. నాన్నగారి గంధం నువ్వు కూడా అద్దించుకో. రాజ్యం నిలబడుతుంది."

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు సర్దుకున్నాను నాయనా," అంది ఇక్షుమతి. "పుట్టాక సర్దుకున్నాను. ఇదే మాట మీ నాన్నగారిని అడిగావా?"

అడగలేదు. అడగొచ్చని వీరసింహుడికి తోచనే లేదు.

అప్పుడు దవనిక నడుముకు చీరకొంగు బిగించింది. "నేను వెళతాను. గొడవ పెట్టినవాడి దగ్గరే మందుంటుంది," అంది.

"ఏడు సముద్రాలు దాటాలి చెల్లీ. దారి ఎవరికి తెలుసు?" అన్నారు అన్నలు.

"ఏటా సీసాలు మోసుకొచ్చే వాడి ఓడకు తెలుసు కదా అన్నయ్యా," అంది దవనిక.

ఓడ రేవులోనే ఉంది. ఖాళీ సీసాలు ఎక్కించే ఆడవాళ్ల వరసలో తానూ ఒక గంప నెత్తిన పెట్టుకుని ఎక్కింది, దిగలేదు. ఆడమనిషి నెత్తిన గంప ఉంటే ఆమె మొహం వైపు ఎవరూ చూడరు.

ఓడ కదిలింది. మొదటిది ఉప్పు సముద్రం, కళ్లు మండాయి. రెండోది చెరకురసం సముద్రం, అమ్మ గుర్తొచ్చింది. మూడోది కల్లు సముద్రం. అక్కడ నావికులందరూ చెంబులు ముంచుకుని తాగి ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. అక్కడి నుంచి ఓడ నడిపింది దవనికే. నాలుగోది నెయ్యి సముద్రం, ఓడ జర్రున జారింది. ఐదోది పెరుగు సముద్రం, ఓడ ఇరుక్కుంది, తెడ్డుతో చిలికి దారి చేసుకుంది. ఆరోది పాల సముద్రం. ఏడోది మంచినీళ్ల సముద్రం. కడుపు నిండా తాగి, మొహం కడుక్కుని, దీవిలో దిగింది.

దీవి మధ్యలో రాగి కోట. కోట వాకిట్లో కరాళగంధుడు ఎండలో కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

"మీరు రెండు ముక్కలు చేసిన వాళ్ల కూతుర్ని. ఆ రెంటినీ కలిపే అత్తరు కావాలి," అంది.

మాంత్రికుడు నవ్వాడు. అలా నవ్వినప్పుడు వాడి శాలువా కదిలింది. దవనిక ముక్కు చటుక్కున నిలబడింది. పొగ. దాని పక్కనే తీపి. ఊరందరికీ సగం సగం అమ్మి, వీడు మాత్రం రెండూ పూసుకుంటున్నాడు. కానీ ఏదో తేడా. రెండూ వాడి మీద ఉన్నాయి గానీ, ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా దేని మానాన అది ఉన్నాయి.

"మూడు పనులు చేస్తే నువ్వడిగింది పట్టుకుపో," అన్నాడు వాడు. "చెయ్యలేకపోతే నీ ముక్కుకున్న శక్తి నాకిచ్చెయ్యాలి. పువ్వూ పేడా నీకిక ఒకటే."

దవనిక ఒక్క క్షణం ఆలోచించింది. నాన్న వాసనా అమ్మ వాసనా ఎటూ ఏటికి చెరోవైపు పోయేవే. "సరే," అంది.

"మొదటి పని. నా అడవిలో వేయి చెట్లున్నాయి. ఒక్కదాని గుండెలోనే అగరు ఉంది. ఒక్క గొడ్డలి వేటుకే అది నాకు తెచ్చివ్వు."

దవనిక అడవికెళ్లింది. వేయి చెట్లూ ఒకేలా ఉన్నాయి. ఒక కొమ్మ మీద వడ్రంగిపిట్ట ఒకటి రొప్పుతూ కూర్చుంది.

"ఏం వదినా, అలిసిపోయావా?" అంది దవనిక.

"నలుగురు పిల్లలు. వాళ్ల నాన్న పాట పాడ్డానికి వెళ్లాడు," అంది పిట్ట. "ఈ బెరడు ఊడితే పురుగులు దొరుకుతాయి. నాకు ముక్కు ఉంది గానీ చేతులు లేవు."

"నాకు చేతులున్నాయి," అని దవనిక పొద్దుగూకేదాకా బెరడు లాగింది, పిట్ట పురుగులు ఏరుకుంది. పిల్లల కడుపులు నిండాయి. అప్పుడు వడ్రంగిపిట్ట ఆ చెట్టునీ ఈ చెట్టునీ టకటకమని తట్టుకుంటూ పోయి, ఒక వంకర చెట్టు దగ్గర ఆగింది. "చప్పుడు విన్నావా? లోపల బరువుగా ఉంది. ఎప్పుడో దీన్ని పిడుగు కొట్టింది. గాయం లేని చెట్టులో అగరు పుట్టదు పిల్లా."

"అంటే దెబ్బలు మంచివేనా?"

"ఎవరన్నారు? దెబ్బ దెబ్బే. పిడుగుకు చెట్టు చెప్పిన జవాబు అగరు. ఆ మెచ్చుకోలు చెట్టుకు చెందుతుంది, పిడుగుకు కాదు."

దవనిక ఒక్క వేటు వేసింది. నల్లటి చెక్క బయటపడింది. నిప్పు తగలకుండానే పొగ వాసన. కళ్లు మూసుకుంటే నాన్న.

మాంత్రికుడు చెక్కను తిప్పి తిప్పి చూసి మూతి ముడిచాడు. "రెండో పని. చీమ పట్టని తీపి తెచ్చివ్వు."

దవనిక మళ్లీ అడవికెళ్లింది. తేనెకు చీమ పడుతుంది. బెల్లానికి పడుతుంది. పండుకు పడుతుంది. చీమ పట్టని తీపి ఎక్కడుంటుంది? ఒక బండ పక్కన ఎలుగుబంటి ముక్కు పట్టుకుని ఏడుస్తోంది. ముక్కు నిండా తేనెటీగల ముళ్లు.

"ఏం బావా, విందు బాగా జరిగినట్టుందే," అంది దవనిక.

"వెక్కిరించకు. తీసిపెట్టు," అంది ఎలుగుబంటి.

దవనిక దాని తల ఒళ్లో పెట్టుకుని గోటితో ఒక్కొక్క ముల్లూ లాగింది. ఎలుగుబంటి మూలిగింది, తర్వాత గురక పెట్టింది, తర్వాత లేచి ఒళ్లు దులుపుకుంది. "చీమ పట్టని తీపి అన్నావు కదూ. నన్ను ఒకసారి భలే మోసం చేసింది. రా చూపిస్తా," అని లోయలోకి తీసుకెళ్లింది. అక్కడ ఒక తెల్ల చెట్టు. బెరడు మీద బంక కన్నీళ్లలా గడ్డకట్టి ఉంది. వాసన చూస్తే పాలకోవా. "నాకితే చేదు," అంది ఎలుగుబంటి, ఇప్పటికీ ఆ బాధ మర్చిపోలేక. "తీపంతా వాసనలోనే. చీమలు నాకన్నా తెలివైనవి, దాని జోలికి రావు."

అది సాంబ్రాణి బంక. దవనిక కొంగున కట్టుకుంది. కళ్లు మూసుకుంటే అమ్మ.

మాంత్రికుడు బంకను చీమల పుట్ట మీద పెట్టి చూశాడు. చీమలు చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి. ఇప్పుడు వాడి కళ్లు మెరిశాయి. "మూడో పని. ఈ రెంటినీ కలుపు. అతుకు తెలియకూడదు. నా ఒంటి మీద పూస్తే ఒకే వాసన రావాలి. నా ఒంటి మీదే, గుర్తుంచుకో."

కోట వెనక బట్టీ గది ఉంది. రాగి బానలు, వెదురు గొట్టాలు, మట్టి. పై దూలానికి బంగారు పంజరం వేలాడుతోంది. అందులో ఒక ముసలి చిలక.

"చెక్క ముందు నానబెట్టు," అంది చిలక. "గరుకువాటిని ముందు తడపాలి. సుకుమారం ఆఖర్న. వాడెప్పుడూ రెండూ ఒకేసారి పడేస్తాడు."

"మీకెలా తెలుసు అత్తా?"

"చూడ్డం తప్ప నాకిక్కడ వేరే పనేముంది?"

దవనిక చిలక చెప్పినట్టే చేసింది. అగరు పేళ్లు నానబెట్టి బానలో పోసింది. మూతికి మట్టి మెత్తింది. సన్నటి సెగ పెట్టింది. గొట్టంలోంచి ఆవిరి వచ్చి, చన్నీళ్లలో ఉంచిన చెంబులో చుక్క చుక్కగా నూనె దిగింది. ఆ నూనె వెచ్చగా ఉండగానే సాంబ్రాణి పొడి వేసి కరిగించింది. సీసాకు ముక్కు ఆనించి చూసింది. పొగ ఒకవైపు, తీపి ఒకవైపు. అన్నయ్య కుదిపిన సీసాకూ దీనికీ తేడా ఏముంది?

"సీసాను కాదు వాసన చూడాల్సింది," అంది చిలక. "మణికట్టుకు రాసుకో. రాసుకుని మర్చిపో. బానలు కడుగు."

గొప్పవాళ్లు ఒంటికి రాసుకోరని చిన్నప్పటి నుంచీ విన్న మాట. దవనిక అటూ ఇటూ చూసి రాసుకుంది. బానలు కడిగింది, గది ఊడ్చింది, చిలకకు జామకాయ కోసి పెట్టింది. పెడుతూ ఉండగా చేతి దగ్గర నుంచి ఏదో తేలి వచ్చింది. పొగా కాదు, తీపీ కాదు. ఆ పేరు లేని మూడోది. దవనిక ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. చిలక జామకాయ తింటూ ఏడవనిచ్చింది.

తర్వాత మాంత్రికుడు బట్టీ గదిలోకి వచ్చి చెయ్యి చాపాడు. దవనిక వాడి మణికట్టుకు రాసింది. ముట్టుకోగానే వెనక్కి తగ్గింది. వాన కాలపు రుబ్బురోలులా చల్లగా ఉంది ఆ చెయ్యి. ఎంతసేపు చూసినా పొగ పొగే, తీపి తీపే.

"ఓడిపోయావు," అన్నాడు మాంత్రికుడు. కానీ ఆ గొంతులో గెలిచినవాడి సంతోషం లేదు. ఎన్ని వందల ఏళ్ల నుంచో చూస్తున్నాడు పాపం, ఈసారైనా అతుకుతుందేమోనని. తన మీద అతకనిది ఇంకెవరి మీదా అతకకూడదని ఊళ్లన్నిటికీ సగాలు పంచుతున్నాడు.

దవనికకు ఒక్కొక్కటే అర్థమైంది. ఈ అత్తరును కలిపేది బాన కాదు, మంట కాదు, ఒంటి వెచ్చదనం. ఈ మనిషికి ఒంట్లో వెచ్చదనం లేదు. ఎందుకు లేదు? ప్రాణం ఒంట్లో లేదు గనక. మరి ఎక్కడుంది?

"పంజరం దగ్గరికి రా," అంది చిలక నెమ్మదిగా. "నా మెడ ముట్టుకో."

ముట్టుకుంటే కాలింది. ఒక చిన్న పిట్టలో రెండు ప్రాణాల వేడి.

"భద్రంగా ఉంటుందని వాడి ప్రాణం నాలో దాచాడు," అంది చిలక. "వాడి భద్రత కోసం నాకు పంజరం. నన్ను ఎంత బాగా చూసుకుంటున్నాడో అందరికీ చెబుతాడు. బంగారు పంజరమట."

దవనిక సీసా మూత తీసి చిలక మెడ కింద ఒక్క చుక్క రాసింది. రాయగానే గది నిండిపోయింది. మాంత్రికుడు తూలి గోడ పట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి వాడి ముక్కుకు ఆ వాసన తగిలింది.

"మీ ఒంటి మీద అతకాలన్నారు. అతికింది," అంది దవనిక.

"అది నా ఒళ్లు కాదు. ఉత్త చిలక," అన్నాడు వాడు గబగబా.

"ఉత్త చిలకేనా? అయితే వదిలేస్తాను," అని పంజరం తలుపు మీద చెయ్యి వేసింది.

"వద్దు, వద్దు. అందులో నా ప్రాణం ఉంది."

"ప్రాణం ఎక్కడుంటే ఒళ్లు అదే కదండీ. అయితే నేను గెలిచాను. చిలక అంటారా, తలుపు తీస్తాను. మీరే అంటారా, సీసా పట్టుకుపోతాను. ఏదో ఒకటి చెప్పండి, నాకు ఓడకు వేళవుతోంది."

మాంత్రికుడు పంజరం వైపు చూశాడు, సీసా వైపు చూశాడు. "నేనే," అన్నాడు చివరికి. "పట్టుకుపో."

దవనిక సీసా కొంగులో ముడి వేసుకుంది. ఆ తర్వాత పంజరం తలుపు కూడా తీసింది.

"అదేమిటి, నేనే అన్నాను కదా," అని అరిచాడు మాంత్రికుడు.

"మనిషిని పంజరంలో ఉంచడం మర్యాద కాదండీ," అంది దవనిక.

చిలక బయటికొచ్చి రెక్కలు విదిల్చి కిటికీలోంచి ఎగిరిపోయింది. గద్ద తన్నుకుపోతుందేమోనని కరాళగంధుడు గొడుగు పట్టుకుని వెనకాల పరుగెత్తాడు. ఆకలేస్తుందేమోనని జామకాయలు పట్టుకుని పరుగెత్తాడు. ఇంకొకరి ప్రాణం కోసం పరుగెత్తడం వాడికది మొదలు. అత్తరు అమ్మడానికి మళ్లీ తీరిక దొరకలేదు.

దవనిక ఓడ ఎక్కింది. మంచినీళ్ల సముద్రం, పాల సముద్రం, పెరుగు సముద్రం, నెయ్యి సముద్రం దాటింది. కల్లు సముద్రం దగ్గర నావికులు లేచి, మళ్లీ అదే చూసి, మళ్లీ పడిపోయారు. ధూపగిరి రేవు చేరేసరికి మాఘమాసం వచ్చేసింది, ఆ రోజు కూడా వచ్చేసింది.

ఏటి ఒడ్డున పందిరి. పందిట్లో రెండు పీటలు ఖాళీగా ఉన్నాయి. పీటల కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు, ఒడ్డున కట్టిన పడవల కోసం చూస్తున్నారు. రాణిగారి పెట్టెలు అప్పుడే పడవలోకి ఎక్కుతున్నాయి. ఈ గుడారంలో రాజు, ఆ గుడారంలో రాణి మంగళస్నానాలు చేసి కొత్త బట్టలు కట్టుకున్నారు. ఆ బట్టలకు ఇంకా అత్తరు అద్దలేదు, దూది చెవిలో పెట్టలేదు. పళ్లేలతో పనివాళ్లు బయలుదేరారు.

దవనిక పరుగెత్తి రెండు పళ్లేలూ లాక్కుని ఏట్లో పారేసింది. తండ్రిని ఒక చేత్తో, తల్లిని ఒక చేత్తో పట్టుకుని పందిట్లోకి లాక్కొచ్చింది.

"నాన్నగారూ, చెయ్యి చాపండి. అమ్మా, ఇది నువ్వే రాయి. తర్వాత నాన్నగారు నీకు రాస్తారు."

"పనివాళ్లు లేరా?" అన్నాడు రాజు.

"ఇది పనివాళ్లు రాస్తే పనిచేయదు."

ఇక్షుమతి ఎన్నో ఏళ్ల తర్వాత భర్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి సన్నబడింది. మణికట్టుకు రాసింది. ఆయన ఆమెకు రాశాడు.

ముందు పొగ లేచింది. రాణి మొహం చిట్లించింది. "మళ్లీ మీ పొగే. కూతుర్ని కూడా మీ వైపు తిప్పుకున్నారన్నమాట."

తర్వాత తీపి లేచింది. రాజు ముక్కు పట్టుకున్నాడు. "ఇదెవరిది మరి? గోడ కట్టమన్నది ఎవరు?"

"గోడ నేను కట్టమన్నానా? ఉయ్యాల విప్పించింది మీరు."

"నీకు దగ్గొస్తుందని విప్పించాను."

"దగ్గొస్తే మందిస్తారు గానీ ఉయ్యాల విప్పుతారా ఎవరైనా? ఆ వేళ నేనెంత ఏడ్చానో మీకేం తెలుసు?"

"గోడకు ఇవతల నేనేం చేస్తున్నాననుకున్నావు?"

దవనిక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏడు సముద్రాలు దాటి తెచ్చింది మళ్లీ పోట్లాటేనా? పడవవాళ్లు తాళ్లు విప్పడానికి వంగారు. కానీ పోట్లాడుకునేవాళ్లకు ఒళ్లు చల్లగా ఉండదు కదా. రాజు మొహం ఎర్రబడింది. రాణి చెవులు వేడెక్కాయి. ఒకరి చెయ్యి ఒకరు వదలడం ఇద్దరూ మర్చిపోయారు. ఆ రెండు చేతుల మధ్య నుంచి అది మెల్లగా లేచింది. పీటల మీదుగా, పందిరి మీదుగా, పడవల మీదుగా పాకింది.

రాజు మాట మధ్యలో ఆగిపోయాడు. తుమ్ము రాలేదు. రాణి గాలి పీల్చింది. దగ్గు రాలేదు.

"ఇక్షూ," అన్నాడు రాజు.

"కూర్చోండి," అంది రాణి. "ఎండలో నిలబడితే మీకు కళ్లు తిరుగుతాయి."

ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. పురోహితుడు ఉలిక్కిపడి మంత్రాలు అందుకున్నాడు. ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. పడవలోంచి పెట్టెలు దింపుతున్న చప్పుడు మధ్య రెండోసారి పెళ్లి జరిగింది. వీరసింహుడు తనే వెళ్లి నాన్నగారిని అడిగాడు, "మీరు కూడా కాస్త సర్దుకోవాలి నాన్నగారూ" అని. ఆలస్యంగానైనా అడిగాడు.

పెళ్లయ్యాక రాజు కిరీటం తీసి, అలవాటు కొద్దీ పెద్దవాడి వైపు చూశాడు. ధీరసింహుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "రెండు సీసాలు ఒకదాంట్లో పోసి కలిపాననుకున్నవాణ్ణి నేను. రాజ్యం చెల్లికివ్వండి, గుర్రాలు నాకివ్వండి," అన్నాడు. అలా దవనిక గద్దెనెక్కింది. ముందు గోడ కూలగొట్టించింది. ఆ ఇటుకలతో ఏటి మీద వంతెన కట్టించింది.

మరి దవనిక పెళ్లి ఏమైంది అని అడుగుతారు, నాకు తెలుసు. చేసుకుంది, నచ్చినవాడు దొరికాక. అతనికి పాట వచ్చు, వంట వచ్చు. కత్తి తిప్పడం రాదు, ఆ అవసరమూ రాలేదు. చాలా ఏళ్లు చల్లగా ఏలుకున్నారు. పొగతీపి అత్తరు ఏడు సముద్రాల దాకా పేరు పడింది. ఒక రాజ్యపు రాయబారి వచ్చి, "మహారాణీ, ఇది మగవాళ్లదా, ఆడవాళ్లదా? సీసా మీద ఏమని రాయించుకోవాలి?" అని అడిగాడు.

"ముక్కున్నవాళ్లది," అంది దవనిక.

కథ ధూపగిరిలో ఉండిపోయింది, మనం అన్నాలకు లేద్దాం. ఈ పూట కంచాలు మగపిల్లలు పెట్టండి.